ఒక పేరు – నాలుగు దాస్యాలు

అమ్మానాన్నలు పెట్టిన పేరు మనిషిని పదిమందిలోంచి వేరుచేసి చూపడానికి. బడి హాజరుపట్టీలో, పట్టాదారు పాసుపుస్తకంలో, ఓటర్ల జాబితాలో దాని పని అదే. అదే పేరున్నవాడు మరొకడు తగిలితే ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరూ కలిస్తే తండ్రి పేరు, అదీ కలిస్తే ఊరు. వీడు వాడు కాడని తేలేదాకా లోకవ్యవహారం ముందుకు సాగదు. మన భక్తుల చరిత్రలో మాత్రం ఒక పేరు ఇందుకు ఎదురు తిరిగింది. దాన్ని ధరించినవాళ్లు తమకంటూ ఉన్నదాన్ని ఒక్కొక్కటే వదులుకుంటూ పోయారు. ఆ పేరు రామదాసు.

తెలుగువాళ్లకు రామదాసంటే భద్రాచల రామదాసే. మహారాష్ట్రలో ఆ పేరు వింటే చేతులు సమర్థ రామదాసుకు జోడిస్తారు. పంజాబులో అది సిక్కుల నాలుగో గురువు పేరు. కేరళ ఉత్తరపు కొసన కాన్హంగాడ్ ఆనందాశ్రమానికి వెళ్లేవారికి రామదాసంటే అక్కడి స్వామి, భక్తుల నోట పాపా రామదాస్.

నలుగురినీ చిన్ననాట ఇల్లు పిలిచిన పేర్లు వేరు. 1534లో లాహోరు చూనామండీలో పుట్టిన పిల్లవాణ్ని, తొలిచూలు కనుక, జేఠా అన్నారు. 1608 శ్రీరామనవమినాడు, నేటి జాల్నా జిల్లాలోని జాంబ్ గ్రామంలో పుట్టినవాడు నారాయణుడు. అదే శతాబ్దంలో ఖమ్మం సీమ నేలకొండపల్లిలో కంచెర్ల లింగన్న, కామాంబల కొడుకు గోపన్న. 1884లో కాన్హంగాడ్ దగ్గర హోస్‌దుర్గ్‌లో పుట్టినవాడు విఠల్‌రావు. ఇల్లు ఇచ్చిన పేరును దాటి నలుగురూ ఒకే పేరులోకి చేరారు. అందరూ ఒకే యజమానికి దాసులమన్నారు. అలాగని నలుగురూ ఒకేలా అయిపోయారా? అస్సలు కాలేదు. అందుకే వాళ్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. దాస్యం మనిషిలో దేన్ని తీసేస్తుంది, దేన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది.

మనకు దగ్గరివాడు గనుక గోపన్నతో మొదలుపెడదాం. గోల్కొండ కొలువులో పలుకుబడి ఉన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. తానీషాగా పేరుపడ్డ అబుల్ హసన్ కుతుబ్‌షా పాలనలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు వసూలు చేసి ఖజానాకు జమకట్టడం ఆయన ఉద్యోగం. ఆ సొమ్ముతోనే భద్రగిరి మీద గుడి కట్టించాడు, స్వామికీ సీతమ్మకూ నగలు చేయించాడు. ఫలితంగా గోల్కొండ బందిఖానాలో పన్నెండేళ్లు గడిపాడని సంప్రదాయం. కోట చూడబోయినవారికి ఆ చెరసాల ఇప్పటికీ చూపిస్తారు.

ఇక్కడ భక్తితో కళ్లు మూసుకుని దాటిపోకూడదు. ఖజానా సొమ్ము గోపన్నది కాదు. రైతు చెమటలోంచి వచ్చినది, ప్రభువుకు చేరవలసినది. మంచి పనికే ఖర్చుపెట్టాడన్నది ధర్మశాస్త్రం ముందు పూర్తి సమాధానం కాదు. అసలు గోపన్న చింత కూడా లెక్కల చుట్టూనే తిరిగింది. చెరలో పాడిన ఒక కీర్తనలో ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎన్ని వరహాలు పట్టాయో రాముడికి పద్దు చదివినట్టు చదువుతాడు. అవి పెట్టుకుని కులుకుతున్నావా అని నిలదీస్తాడు. వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మన్నించమని వేడుకుంటాడు. తహసీల్దారు బుద్ధి భక్తుడిలో చచ్చిపోలేదు. జమాఖర్చుల పుస్తకాన్ని తెచ్చి దేవుడి ముందు తెరిచింది. ఆ పుస్తకం నిండా ఉన్నది ఒక్కటే: నేను చేయించాను. ఆ మాట అరగడానికి పన్నెండేళ్లు పట్టింది.

విడుదల కథ అందరికీ తెలిసిందే. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు అర్ధరాత్రి తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రశీదు రాయించుకున్నారు. రశీదు గోపన్నకు చేరింది, దర్శనం తానీషాకు దక్కింది. చరిత్రకారుడు ఈ కథను ఒప్పుకోనక్కరలేదు. చింతనాపరుడు మాత్రం ఈ అమరికను చూసి ఆగిపోతాడు. పన్నెండేళ్లు పిలిచినవాడికి చీటీముక్క, ఒక్కసారీ పిలవనివాడికి సాక్షాత్కారం! ఇంతకన్నా అన్యాయమైన పంపకం ఉంటుందా అనిపిస్తుంది. దాస్యంలో ఉన్న మెలిక ఇక్కడే ఉంది. గుడి నాది కాదని గోపన్న ఎప్పుడో ఒప్పుకుని ఉంటాడు. నగలు నావి కావని చెరసాలలో ఒప్పుకున్నాడు. భక్తికి బదులుగా దర్శనమైనా నాది కావాలి అన్న చివరి పద్దు మిగిలింది. ఆ రాత్రి అది కూడా కొట్టివేయబడింది. రశీదు అంటే బాకీ తీరిందని. రాముడు తానీషాకు చెల్లించిన మాట నిజమే. గోపన్న వైపు నుంచి చూస్తే, రాముడు తనకు బాకీ ఉన్నాడన్న లెక్క కూడా ఆ కాగితంతోనే తీరిపోయింది.

జేఠా దగ్గర కొట్టివేత మరో తీరుగా జరిగింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. అమ్మమ్మ ఊళ్లో ఉడకబెట్టిన శనగలు అమ్ముకుని బతికాడు. గోయింద్‌వాల్ చేరి మూడో గురువు అమర్‌దాస్ సేవలో కుదిరాడు. గురువు తన కుమార్తె బీబీ భానీని ఇచ్చి పెళ్లి చేశాడు. అల్లుడైనా మెట్లబావి తవ్వేచోట మట్టితట్ట దించలేదు. వారసుణ్ని ఎంచవలసి వచ్చినప్పుడు గురువు తన ఇద్దరు అల్లుళ్లకూ ఒక్కొక్క అరుగు కట్టమన్నాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. కట్టారు. బాగాలేదు, పడగొట్టి మళ్లీ కట్టమన్నాడు. మళ్లీ కట్టారు, మళ్లీ అదే మాట. పెద్దల్లుడు, ఇంతకన్నా బాగా కట్టడం నాకు రాదని విసిగి ఊరుకున్నాడు. జేఠా ఏడుసార్లు కట్టాడు. మీరు ఏం కావాలో చెబుతూనే ఉన్నారు, నా బుద్ధికే అందడం లేదని గురువు పాదాలు పట్టుకున్నాడు. 1574లో గురుపీఠం ఆయనకు దక్కింది.

ఫలం మీద ఆశ వదులుకోమని గీత విన్న ప్రతివాడికీ తెలుసు. ఫలాన్ని వదలడం కష్టమే. పని బాగా చేశానన్న తృప్తిని వదలడం అంతకన్నా కష్టం. పెద్దల్లుడు కోరింది పదవి కాకపోవచ్చు, తన పనితనానికి ఒక మంచి మాట మాత్రమే కావచ్చు. జేఠాకు ఆ మాట కూడా అక్కరలేకపోయింది. ఆ ఏడు అరుగుల్లో ఒక్కటీ మిగల్లేదు. అవి కట్టిన చేతులు మాత్రం తరువాత ఒక సరోవరం తవ్వించాయి. 1577లో మొదలైన ఆ తవ్వకం చుట్టూ వెలసిన ఊరు మొదట రామ్‌దాస్‌పూర్, తరువాత సరోవరం పేరుతో అమృత్‌సర్. ఆ నీళ్ల నడుమ హరిమందిరం కట్టించినది ఆయన కొడుకు, అయిదో గురువు అర్జన్‌దేవ్. తండ్రి తవ్వినచోట కొడుకు కట్టాడు.

జాంబ్ నారాయణుడు వదిలింది ఇల్లు. పన్నెండేళ్ల వయసులో పెళ్లిపీటల మీద పురోహితుడు సావధాన అనగానే లేచి పారిపోయాడన్న కథ మరాఠీ ఇళ్లలో పసిపిల్లలకూ తెలుసు. నాసిక్ దగ్గర టాక్లీలో పన్నెండేళ్లు తపస్సు చేశాడు. నదిలో నడుములోతు నీళ్లలో నిలబడి పదమూడు అక్షరాల రామమంత్రం జపించాడు. ఆపైన పన్నెండేళ్లు దేశమంతా తిరిగాడు. ఇంతవరకూ మనకు తెలిసిన సన్న్యాస కథే. అసలు విశేషం తరువాత ఉంది. ఇల్లు విడిచినవాడికి కొన్నాళ్లకు ఏకాంతమే ఇల్లవుతుంది. ఆ ఇంటిని కూడా ఆయన విడిచి కృష్ణాతీరపు జనంలోకి వచ్చాడు. 1648లో చాఫళ్‌లో రామాలయం నెలకొల్పాడు. చుట్టుపక్కల ఊళ్లలో పదకొండు మారుతులను ప్రతిష్ఠించాడు, మఠాలు కట్టి శిష్యులను పంపాడు. తన శాంతిని తానే అనుభవిస్తూ కూర్చోవడం కూడా ఒక సొంత ఆస్తి అని ఆయనకు తెలుసు.

విఠల్‌రావు ఆధునికుడు. బొంబాయిలో వస్త్ర పరిశ్రమ చదువు చదివి, మిల్లుల్లో పనిచేసి, అద్దకం వ్యాపారం పెట్టి దెబ్బతిన్న సంసారి. తండ్రి ఉపదేశించిన రామమంత్రం ఒక్కటే ఊరట. అది సమర్థ రామదాసు టాక్లీ నీళ్లలో జపించిన ఆ పదమూడు అక్షరాల మంత్రమే. విఠల్‌రావు దాని ముందు ఓంకారం చేర్చుకున్నాడు. 1922 డిసెంబరులో ఇల్లు విడిచాడు. శ్రీరంగంలో కావేరీ స్నానం చేసి కాషాయం కట్టి, తనకు తానే రామదాసు అయ్యాడు. తిరువణ్ణామలైలో రమణ మహర్షి చూపు పొంది, అరుణాచలం గుహలో కొన్నాళ్లు జపంలో గడిపాడు. బయటికి వచ్చేసరికి చెట్టూ రాముడే, ఎదురొచ్చిన మనిషీ రాముడే. రైల్లోంచి దింపేసిన టికెట్ ఇన్‌స్పెక్టరు కూడా రాముడే. దింపడం రాముడి ఆజ్ఞ. ఈయన వదిలిన వస్తువు అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా జిగురైనది: నేను అనే సర్వనామం. తన యాత్రల కథను ఆయన ఇంగ్లీషులో రాశాడు. అందులో రామదాసు నడిచాడు, రామదాసుకు ఆకలేసింది అని ఉంటుందేగాని నేను అన్న మాట రాదు. తన సంగతి ఎవరో పరాయివాడి సంగతిలా చెప్పుకునే ఈ అలవాటు మొదట వింతగా తోస్తుంది. పది పేజీలు దాటేసరికి చదివేవాడికి తన నేను మీదే అనుమానం మొదలవుతుంది.

నలుగురి సంతకాలనూ పరికిస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. సమర్థ రామదాసు, భద్రాచల రామదాసు తమ రచనల్లో దాసనామాన్ని ముద్రగా వాడుకున్నారు. కాన్హంగాడ్ స్వామి వాక్యానికి కర్తగానే దాన్ని నిలిపాడు. గురు రామ్‌దాస్ ఇంకా ముందుకు పోయాడు. గురుగ్రంథ్ సాహిబ్‌లో ఆయన పదాలు ఆరువందలకు పైగా ఉన్నాయి. వాటి ముద్ర రామదాసు కాదు, నానక్. ఆ గ్రంథంలో పదాలున్న గురువులంతా నానక్ పేరుతోనే పాడారు. ఎవరి పదమో తెలియాలంటే శీర్షికలో ఉన్న మహల్లా సంఖ్య చూడాలి. నాలుగు అని ఉంటే అది గురు రామ్‌దాస్‌ది. ఆత్మలో వెలుగు ఒక్కటే అయినప్పుడు పేరు రెండోది ఎందుకు? గోపన్నకు రామతారకం ఉపదేశించినది కబీరుదాసే అనే మన జనశ్రుతిని కూడా ఈ దృష్టితోనే చూడాలి. కాశీ కబీరు పదిహేనో శతాబ్దివాడు, గోపన్న పదిహేడో శతాబ్దివాడు. కాలం కుదరదు. కాలం లెక్క చూసుకునే తీరిక జనానికి లేకపోయింది. రామనామం ఇచ్చినవాడెవడైనా వాళ్లకు కబీరే.

ఇంతకీ వీళ్లంతా దాసులైన రాముడు ఒక్కడేనా? భద్రగిరి రాముడు చతుర్భుజుడు. శంఖచక్రాలు ధరించి, సీతమ్మను తొడపై కూర్చోబెట్టుకున్న వైకుంఠరాముడు. గోపన్న ఆయనతో మాట్లాడాడు, కొట్లాడాడు, పని జరగకపోతే సీతమ్మచేత చెప్పించబోయాడు. సమర్థుడికి రాముడు కోదండధారి. ఆ రాముణ్ని చేరే దారి హనుమంతుడి బలం మీదుగా పోతుంది. సిక్కు గురువుల వాణిలో రాముడు దశరథ నందనుడు కాడు. రూపం లేక అంతటా నిండినవాడు. పాపా రామదాస్‌కు ఎదురుగా ఏ మనిషి నిలబడితే ఆ మనిషే. సిద్ధాంతాలు తెచ్చి తూచితే సగుణానికీ నిర్గుణానికీ మధ్య వాదం తెగదు. యజమాని రూపం మీద ఏకాభిప్రాయం లేకుండానే నలుగురూ దాసులయ్యారన్నది గమనించదగిన విషయం. దాస్యానికి కావలసింది రాముడెవరో పూర్తిగా తెలియడం కాదు. యజమానిని నేను కాననే సంగతి తెలియడం.

పెళ్లి విషయంలోనూ నాలుగు దారులే. నారాయణుడు పెళ్లిపీటల మీంచి లేచిపోయాడు. విఠల్‌రావు భార్యనూ కూతురినీ విడిచి వెళ్లాడు. గురు రామ్‌దాస్ సంసారంలోనే ఉండి గురువయ్యాడు. నేటికీ సిక్కుల పెళ్లిలో వధూవరులు గురుగ్రంథం చుట్టూ తిరిగే నాలుగు ప్రదక్షిణలకు పాడేవి ఆయన రచించిన నాలుగు లావన్‌లే. గోపన్న సంసారి; పైగా ఆయన కట్టించిన గుడిలో ఏటా శ్రీరామనవమికి జరిగే సీతారాముల కల్యాణం తెలుగువాళ్లందరి ఇంటి పెళ్లి. గోల్కొండ ప్రభువు నుంచి వచ్చాయని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని ప్రభుత్వం ఇప్పటికీ పాటిస్తోంది. కనుక ఇల్లు విడవడం దాస్యానికి గుర్తు కాదు, ఇంట్లో ఉండడం దానికి అడ్డూ కాదు. నాలుగు కథల్లోనూ తెగినది పెళ్లి కాదు, సొంతమనే పట్టు.

నవవిధ భక్తులలో దాస్యం ఏడోది. వినడం, పాడడం, తలచుకోవడం వంటి ఆరు మెట్లు ఎక్కాకే అక్కడికి చేరతాం. తరువాత మిగిలేవి సఖ్యం, ఆత్మనివేదనం. ఇరవై దశకాల దాసబోధలో సమర్థ రామదాసు నాలుగో దశకాన్ని ఈ తొమ్మిది భక్తులకు కేటాయించాడు. దాస్యాన్ని వివరించే చోట ఆయన కన్నీళ్ల గురించి మాట్లాడడు. శిథిలమైన గుళ్లు బాగుచేయాలి, తెగిన చెరువులకు గట్టు వేయాలి, ధర్మశాలలు నడపాలి, దేవుడి ద్వారం దగ్గర పని కోసం కనిపెట్టుకుని ఉండాలి అంటూ మేస్త్రీలా పనులు పురమాయిస్తాడు. చదువుతుంటే మిగతా రామదాసులు కళ్లముందు నిలుస్తారు. గుడి అన్నచోట భద్రాచలం, చెరువు అన్నచోట అమృత్‌సర్, వచ్చినవారికి ఆదరువు అన్నచోట 1931లో కాన్హంగాడ్‌లో వెలసిన ఆనందాశ్రమం.

ఈ కాలపు మనిషికి దాస్యం అంటే గిట్టదు. గిట్టకపోవడం న్యాయమే. మనిషికి మనిషి దాసుడు కావడం ఈ దేశంలో ఎన్ని తరాలను నలిపిందో మనకు తెలుసు. భక్తి పేరు చెప్పి ఆ వంగుబాటును నేర్పినవాళ్లూ ఉన్నారు. ఈ నలుగురి కథ మాత్రం ఆ వరసలోకి రాదు. చెరలో పడ్డ గోపన్న కీర్తనల్లో వినతులన్నీ రాముడికీ సీతమ్మకూ గాని తానీషాకు కాదు. అక్బరు దర్బారులో ఫిర్యాదు పడినప్పుడు గురు అమర్‌దాస్ తరఫున వెళ్లి బెదరకుండా జవాబు చెప్పింది జేఠాయే అంటారు. సమర్థుడు ఊరూరా నిలిపింది దాసాంజనేయుడి వినయాన్ని మాత్రమే కాదు, వ్యాయామశాలల బలాన్ని కూడా. యజమాని ఒక్కడేనని తేల్చుకున్నవాడికి మరో యజమాని ముందు నడుము వంగదు. దేవుడికి దాసుణ్నంటూ ప్రతి అధికారి ముందూ వంగేవాడికి ఇంకా యజమాని కుదరలేదని అర్థం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. దాస్యం వీళ్లలో స్వభావాన్ని చెరపలేదు. గోపన్న లెక్కలు చూసేవాడిగానే, జేఠా కష్టజీవిగానే, నారాయణుడు నిర్మాతగానే, విఠల్‌రావు ఎడతెగని బాటసారిగానే మిగిలారు. పోయింది స్వభావం మీద యాజమాన్యం. మనం సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తాం. కోపిష్టి శాంతపరుడిలా, మాటకారి మౌనిలా నటించడానికి ప్రయత్నించి, దాన్నే సాధన అనుకుంటాం. స్వభావం మారదు, మారినట్టు కనిపించే పేరు మాత్రం నాదవుతుంది. ఆస్తి కూడబెట్టడం మానేసినవాడు కీర్తి కూడబెట్టడం మొదలుపెడితే ఖాతా మారిందంతే, ఖాతాదారు మారలేదు.

ఈ నలుగురిలో ఎవరిని అనుసరించాలి అని అడిగేవారికి నా మట్టుకు తోచేది ఇది. మనలో పట్టు ఎక్కడుందో ముందు అది చూసుకోవాలి. ఇచ్చినదాని లెక్క మనసులో మోసేవాడికి గోపన్న దగ్గర పని ఉంది. చేసిన పనికి మెచ్చుకోలు రాకపోతే రాత్రి నిద్ర పట్టనివాడు జేఠా అరుగుల కథను పదేపదే తలచుకోవాలి. తన ప్రశాంతత చెడుతుందని పొరుగువాడి కష్టం వైపు చూడనివాడికి సమర్థుడే మందు. ఈ మూడూ దాటాననుకునేవాడు ఒక్క పూట నేను అనకుండా మాట్లాడి చూస్తే, ఎంత దాటాడో ఆ పూటే తెలుస్తుంది. రామదాసు అనే పేరు ఇవాళ కూడా ఎన్నో ఇళ్లలో పిల్లలకు పెడుతున్నారు. పెట్టినంత మాత్రాన అది వాళ్లది కాదు. ఈ నలుగురి విషయంలోనూ పేరు పిలుపుతో మొదలు కాలేదు, బతుకుతో సంపాదించినది. ఇంకెవరైనా పుచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. గోపన్ననాడు దానికి కట్టిన వెల ఎంతో, నేడూ అంతే.